'సోప్ ఫ్రీ' అని ఉందని కొనేయకండి, ట్యూబు వెనక చదవండి

పొడి చర్మం ఉన్నవాళ్ళు కొత్త ఫేస్‌వాష్ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి. నాకు షాపులో అంటగట్టిన దాని మీద 'జెంటిల్', 'సోప్ ఫ్రీ', 'అన్ని రకాల చర్మానికీ' అని పెద్దపెద్ద అక్షరాల్లో ఉంది. కడుక్కోగానే చర్మం కిర్రుమంటుంది, భలే శుభ్రమైందనిపిస్తుంది. తువ్వాలుతో అద్దుకునేలోపే బుగ్గలు బిగుసుకుపోతాయి. వారం తిరిగేసరికి ముక్కు పక్కల పొట్టు, నోటి మూలల్లో ఎరుపు, రోజూ రాసుకునే క్రీమ్ రాసినా మంట.

షాపుకెళ్ళి అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి, "మొదట్లో అలాగే ఉంటుంది మేడమ్, లోపలి మురికి బయటికొస్తోంది, ఆపకండి" అంది. ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. మొటిమలకు రాసే రెటినాయిడ్ క్రీములు (విటమిన్ ఎ రకం మందులు) మొదలుపెట్టినప్పుడు కొందరికి కొన్నాళ్ళు మొటిమలు ఎక్కువవుతాయి, నిజమే. ఫేస్‌వాష్‌తో మంట పుట్టి పొట్టు లేస్తుంటే మాత్రం అది పడట్లేదని అర్థం. వాపసు సంగతి ఎత్తితే, మూత తీసినదాన్ని వెనక్కి తీసుకోం అన్నారు.

ఇంటికొచ్చి ఆవగింజంత అక్షరాలను ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చదివాను. నీళ్ళ తర్వాత వరసగా మిరిస్టిక్ యాసిడ్, స్టియరిక్ యాసిడ్, లారిక్ యాసిడ్, ఆ కిందే పొటాషియం హైడ్రాక్సైడ్. ఈ కొవ్వు ఆమ్లాలు, ఆ క్షారం కలిస్తే తయారయ్యేది సబ్బే! లేబుల్ మీద ఎక్కువ ఉన్నదాన్నే ముందు రాస్తారు కాబట్టి అది దండిగానే ఉన్నట్టు. చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, అంకె పెరిగేకొద్దీ క్షారం ఎక్కువ) 5 దగ్గర ఉంటే సబ్బుది 9, 10 దాకా పోతుంది, పొడి చర్మానికి అంత క్షారం పడదు. పైగా మాది బోరు నీళ్ళు. వాటిలోని కాల్షియంతో సబ్బు తెట్టు కట్టి, ఎంత కడిగినా చర్మాన్ని వదలదు.

జిడ్డు చర్మం వాళ్ళకు ఇంత బాధ తెలియకపోవచ్చు. వాళ్ళు కూడా మొటిమలుంటే సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది చూసుకోవడం మేలు. పొడి చర్మానికి నురగ తక్కువ వచ్చేదే మంచిది. పైవరసలో గ్లిజరిన్, సోడియం కోకాయిల్ ఐసెథియోనేట్ (సబ్బు కాని, మృదువుగా శుభ్రం చేసే పదార్థం) లాంటివి ఉన్నాయేమో చూడండి. మొటిమలకు అడాపలీన్ రాసుకుంటున్నవాళ్ళు మరీ జాగ్రత్త, ఆ మందే చర్మాన్ని ఎండగడుతుంది.

మీకూ ఇలాగే జరిగితే ట్యూబు పారేయకండి. బిల్లు, బ్యాచ్ నంబరు, వెనక లేబుల్ ఫోటోలు తీసి ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను చేశాను.