కర్నూలులో మూడు రోజులు: కోల్స్ చర్చి నుంచి రేకు పెట్టె దాకా

మా నాయనమ్మ పుట్టింది కర్నూలు దగ్గర హంద్రీ ఒడ్డున ఒక పల్లెలో. వాళ్ల నాన్న అక్కడి బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆయన పేరు సంఘం రిజిస్టర్లో ఉందేమో కళ్లారా చూడాలని మా మేనత్తకి ఎన్నాళ్లనుంచో కోరిక. ఆమెకిప్పుడు డెబ్భై నాలుగేళ్లు. ఇంకా వాయిదా వేస్తే కుదరదని శుక్రవారం రాత్రి ఒంగోలులో బస్సెక్కాం.

ఒంగోలు నుంచి కర్నూలు వెళ్లే ఈ దారికీ ఈ బాప్టిస్టు సంఘాలకీ చుట్టరికం ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కంభం, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివే. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో దిగింది, 1866లో ఆ మిషన్ మిషనరీ క్లౌ దొర ఒంగోలు చేరాడు, ఆ తర్వాత పని పడమటికి నల్లమల కొండల మీదుగా పాకింది. 1876-78 నాటి ధాత కరువులో రాయలసీమ, ఒంగోలు ప్రాంతం రెండూ అల్లాడాయి. గంజి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని క్లౌ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బస్సులో పగలు వెళ్తే కంభం చెరువు వైపు, నల్లమల వైపు చూసుకుంటూ వెళ్లొచ్చు. రాత్రి వెళ్లి అది పోగొట్టుకున్నాం. ఎవరైనా వెళ్తే పగటి బస్సే ఎక్కండి.

రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, లిఫ్టు ఉంది. వేడి నీళ్లు మాత్రం, ఇస్తామని ఫోన్లో చెప్పారు, తెల్లారి అడిగితే గీజరు పాడైందన్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో వెళ్లినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. డబ్బు కట్టే ముందే కుళాయి తిప్పి చూసుకోండి. ఎదురు వీధిలో బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాక అత్త కోపం తగ్గింది. బొరుగులు నానినా మెత్తబడకుండా, పుట్నాల పొడి ఘుమఘుమలాడుతూ, చాలా బాగుంది.

ఆదివారం కోల్స్ సెంటెనియల్ తెలుగు బాప్టిస్టు చర్చికి వెళ్లాం. ఆటోవాడు "కోల్స్ కాలేజీకా, చర్చికా సార్?" అని అడిగాడు. అమెరికాలో న్యూజెర్సీలో డాక్టరుగా చేసిన అబ్రహం కోల్స్ కుటుంబం పేరది. ఆయన కొడుకు తల్లిదండ్రుల జ్ఞాపకంగా ఇచ్చిన డబ్బుతోనే ఇక్కడ హైస్కూలు వచ్చింది. స్టాంటన్‌పురం అనే పేట కూడా కర్నూలులో పనిచేసిన మిషనరీ స్టాంటన్ పేరు మీదే ఉంది. ఊళ్లో దొరల పేర్లు ఇట్లా ఇప్పటికీ నాలుకల మీద ఉన్నాయి. వాళ్ల పక్కన ఎండలో నడిచిన తెలుగు ఉపదేశుల పేర్లు, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకి బైబిల్ చెప్పిన బైబిల్ స్త్రీల పేర్లు ఏ పేటకీ లేవు. నన్ను పట్టి లాగింది అదే.

ఆరాధన నిండుగా జరిగింది. పావుగంట ముందే వెళ్లినా వెనక వరసలోనే చోటు దొరికింది. కుర్చీ కావాలని అడగకముందే ఒకాయన తెచ్చి అత్తకి వేశాడు. అయితే పాత రికార్డులు చూడాలనుకుంటే ఆదివారం అడగొద్దు. పాస్టర్ గారికి ఆ రోజు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. మామూలు రోజు పొద్దున, ముందు ఫోన్ చేసి వెళ్లాలి.

సోమవారం ఆటో మాట్లాడుకుని పల్లెకి వెళ్లాం. పాస్టర్ గారు ఊళ్లో లేరు. ఇంతకుముందు పాస్టరుగా చేసి కాలం చేసిన అయ్యగారి భార్య బయటికొచ్చి, "యాడినుంచి వచ్చినారు? లోపలికి రాండమ్మా" అని చాప పరిచింది. సంగతి చెప్పగానే మంచం కిందనుంచి ఒక రేకు పెట్టె లాగింది. లోపల నాలుగు పొడుగాటి పుస్తకాలు, గుడ్డ అట్టలు. 2009 అక్టోబరు వరదల్లో తడిసినవి. కాగితాలు అలల్లాగా ముడుచుకుపోయి, నీలం సిరా చుట్టూ మరక పాకి ఉంది. ఎండబెట్టి, ఒక్కో పేజీ మధ్య పాత పేపరు పెట్టి ఆరబెట్టానని చెప్పింది.

ఒక పేజీలో పాస్టర్ పేరు, కింద నెలవారీగా ఎవరెవరు ఏమిచ్చారో. "సోలెడు జొన్నలు", "పిడికెడు బియ్యం – స్త్రీల సమాజం", "కోడిపెట్ట 1". బాప్టిస్టు సంఘంలో పాస్టరుని బిషప్ పంపడు. సంఘమే పిలుస్తుంది, సంఘమే పోషిస్తుంది, పడకపోతే సంఘమే వెళ్లమంటుంది. అందుకే ఇక్కడ పాస్టర్ల చరిత్ర అంటే ఊరి చరిత్రే. వానలు పడని ఏడాది జొన్నల గడి ఖాళీగా ఉంది, అయినా పాస్టర్ పేరు మారలేదు. ఆయన జీతం లేకుండా ఉండిపోయాడన్నమాట. ఆ ఖాళీ గడిని నేను చాలాసేపు చూశాను.

తిరుగు దారిలో నంద్యాల హోలీ క్రాస్ కెథడ్రల్ చూశాం. అది ఆంగ్లికన్ మిషన్ ప్రాంతం, ఇప్పుడు సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. కడప, అనంతపురం, గుత్తి లండన్ మిషన్ వాళ్లవి. కట్టడం చూడాలనుకునేవాళ్లకి నంద్యాలే ఎక్కువ నచ్చుతుంది. మనుషుల కథ కావాలంటే మాత్రం నా మాట విని కర్నూలు పల్లెలకి వెళ్లండి.

అన్నట్టు, ఆ రేకు పెట్టెలోని మూడో పుస్తకంలో అత్త వాళ్ల తాత పేరు దొరికింది. సంఘ పెద్దగా సంతకం, పక్కన "జొన్నలు రెండు సోలలు". అత్త దాని మీద వేలు పెట్టి చదివింది, మళ్లీ చదివింది. నాలుగు పుస్తకాలూ ఫోన్లో ఫొటోలు తీసి, ఆ ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఆ అయ్యగారి భార్యకే పంపుతానని మాటిచ్చాను. ఇంకో తడి తగిలితే ఆ సిరా నిలవదు. మొదటి రెండు పుస్తకాల ఫొటోలు ఎక్కించడం ఈ వారంలో పూర్తవుతుంది.