క్యాట్‌కాన్ పీకించాలా, మార్పించాలా? ఆటోనగర్‌లో దొరికే నాలుగు దారుల బేరీజు

పెట్రోల్ కారులో చెక్ ఇంజన్ లైట్ వెలిగి, స్కానర్‌లో పీ0420 కోడ్, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్‌కాన్) పని తగ్గిందన్న హెచ్చరిక, వచ్చిందంటే గ్యారేజీలో వినిపించే మాట దాదాపు ఒకటే. "క్యాట్‌కాన్ పోయింది సార్. కంపెనీది మారిస్తే మీకే దండగ. పీకేసి పైపు వేసేద్దాం, పికప్ కూడా పెరుగుద్ది." విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా ఈ కోడ్‌కు విరుగుడుగా అమ్మేవి నాలుగే: ట్యాంకులో పోసే క్లీనర్ సీసా, ఖాళీ పైపు, ఏ కారుకైనా వెల్డింగ్ చేసే యూనివర్సల్ క్యాట్‌కాన్, కంపెనీ పార్ట్. వీటి మంచిచెడ్డలు తేల్చాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. క్యాట్‌కాన్ తనంతట తాను పోవడం తక్కువ. దాన్ని చంపేది దాని ముందున్న ఇంజనే.

క్యాట్‌కాన్ స్టీల్ డబ్బాలో సన్నటి గదులతో తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని మీద అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం. దాదాపు 300 డిగ్రీలకు చేరితే గానీ ఇది పని మొదలుపెట్టదు. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల మధ్య నడుస్తుంది. ఇంజన్‌లో మిస్సింగ్ ఉంటే కాలని పెట్రోల్ ఇందులోకొచ్చి మండుతుంది, వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. ముందు పూత పనికిరాకుండా పోతుంది, తర్వాత దిమ్మె కరిగి దారి మూసుకుపోతుంది. చెక్ ఇంజన్ లైట్ నిలకడగా వెలగకుండా టపటపా కొట్టుకుంటోందంటే జరుగుతున్నది ఇదే. అప్పుడు "సర్వీసింగ్‌లో చూపిద్దాంలే" అని నడపకూడదు.

సీసం కలిసిన పెట్రోల్ దేశంలో 2000లోనే పోయింది కాబట్టి ఆ శత్రువు లేదు. ఉన్నవి వేరు. ఆయిల్ తాగే ఇంజన్ నుంచి వచ్చే ఫాస్ఫరస్, జింకు పూతను కప్పేస్తాయి. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ మండితే అందులోని సిలికేట్లు అదే పని చేస్తాయి. ట్యూనింగ్ సరిగా లేని ఎల్పీజీ, సీఎన్‌జీ కిట్లు మన దగ్గర మరో పెద్ద కారణం. గ్యాస్‌కు పాత ప్లగ్గులు, నీరసపడ్డ కాయిల్ సరిపోవు, మిస్సింగ్ మొదలవుతుంది. ఇక 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగినట్టు మునిగిన కార్లలో సైలెన్సర్‌లోకి బురద చేరి గదులు మూసుకుపోయే ప్రమాదమూ ఉంది.

పీ0420 వచ్చిన ప్రతిసారీ క్యాట్‌కానే పోయిందని కాదు. ఇంజన్ వేడెక్కాక స్కానర్‌లో క్యాట్‌కాన్‌కు ముందూ వెనకా ఉండే రెండు ఆక్సిజన్ సెన్సర్ల రీడింగులు చూడమనండి. మామూలు రకం ముందు సెన్సర్ 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది. వెనకది 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే క్యాట్‌కాన్ మీద అనుమానం బలపడుతుంది. చాలా కొత్త కార్లలో ముందుండేది ఎయిర్-ఫ్యూయల్ సెన్సర్. అందులో ఈ ఊపు కనబడదు, వెనకదాన్ని మాత్రమే చూడాలి. సెన్సర్ ముందు ప్యాకింగ్ దగ్గర గ్యాస్ లీకైనా ఇదే కోడ్ రావచ్చు, కాబట్టి జాయింట్ల దగ్గర నల్లటి మసి మరకలు వెతకాలి.

బండి లాగకపోతే, 2500 ఆర్‌పీఎం దాటాక గొంతు నొక్కినట్టుంటే అడ్డు ఉందేమో చూడాలి. ముందు సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగిస్తే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) 1.5 పీఎస్‌ఐ లోపు, 2500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్‌ఐ లోపు ఉండాలి. చల్లబడ్డాక డబ్బాను చేత్తో తడితే లోపల గలగలమంటే దిమ్మె విరిగినట్టే, ఇక గేజ్ అక్కర్లేదు. ఈ పరీక్షలు చేయకుండా రేటు చెప్పే గ్యారేజీకి నమస్కారం పెట్టి రావడం మేలు.

ఇక సరుకు దగ్గరికి వద్దాం. క్లీనర్ సీసా కార్బన్ పేరుకున్న ఇంజెక్టర్లకు ఎంతోకొంత పనికొస్తుందేమో గానీ, కరిగిన దిమ్మెను బాగుచేయలేదు, ఫాస్ఫరస్ పట్టిన పూతను తిరిగి తేలేదు. డబ్బా విప్పి ఆసిడ్‌తో కడిగే "సర్వీసు" ఇంకా దండగ. బురద చేరినప్పుడు నీళ్లతో కడిగి ఆరబెట్టడం వేరు, దానికి ఎంతోకొంత అర్థముంది.

ఖాళీ పైపు అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా చెడ్డది. దిమ్మెను గునపంతో పొడిచి డబ్బాను అలాగే వదిలేయడం కూడా దీని కిందికే వస్తుంది. పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. టర్బో లేని చిన్న ఇంజన్‌కు పెరిగే శక్తి తెలిసేంత ఉండదు. పీకేశాక బండి హుషారుగా అనిపిస్తే అది మూసుకుపోయిన అడ్డు తొలగడం వల్లే, కొత్త క్యాట్‌కాన్‌తోనూ అదే హుషారు వచ్చేది. నష్టాల చిట్టా మాత్రం పెద్దది. వెనక సెన్సర్ ఊగి లైట్ మళ్లీ వెలుగుతుంది. అప్పుడు సెన్సర్‌ను గ్యాస్‌కు దూరం జరిపే స్పేసర్ దాని కింద పెడతామంటారు, లేదా ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ప్రోగ్రాం మార్చి, అంటే రీమ్యాప్ చేసి, కోడ్ మాయం చేస్తామంటారు. ఈసీయూను ఏమార్చవచ్చు గానీ పొల్యూషన్ పరీక్షలోని గ్యాస్ అనలైజర్‌ను ఏమార్చలేరు. బీఎస్4, బీఎస్6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) పెట్రోల్ కార్లకు ఐడిల్‌లో విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) 0.3 శాతం, కాలని ఇంధనపు హైడ్రోకార్బన్లు (హెచ్‌సీ) 200 పీపీఎం దాటకూడదు, క్యాట్‌కాన్ లేకుండా ఈ లోపు ఉండడం కష్టం. పరీక్ష చేయకుండానే పొల్యూషన్ కాగితం ఇచ్చేచోట్లు ఉన్నాయి, నిజమే. కానీ మోటారు వాహనాల చట్టం 190(2) కింద కాలుష్య ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల వరకూ జరిమానా, మూడు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడవచ్చు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 182ఎ(4) కింద శిక్ష వేరే ఉంది. సైలెన్సర్ ఎక్కడైనా లీకై, ఆ సీఓ ఏసీ వేసుకుని కూర్చున్న క్యాబిన్‌లోకి చేరితే జరిమానాతో పోయేది కాదు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే ఇది.

యూనివర్సల్ క్యాట్‌కాన్ విషయంలో తీర్పు బండిని బట్టి మారుతుంది. పాత బీఎస్3 కారుకు, క్యాట్‌కాన్ కార్ అడుగున విడిగా ఉన్నదానికి, నాణ్యమైనది దొరికితే పర్వాలేదు. బీఎస్6 కారుకు వద్దు. వీటిలో చాలావాటికి క్యాట్‌కాన్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి భాగానికి) అంటుకుని ఉంటుంది. దాన్ని కోసి ఇంకోటి కిందెక్కడో వెల్డింగ్ చేస్తే వేడెక్కడం ఆలస్యమవుతుంది. చవక రకాల్లో చదరపు అంగుళానికి గదులూ తక్కువే, విలువైన లోహాలూ తక్కువే. మొదట్లో అంతా బాగున్నట్టే ఉండి కొన్నాళ్లకు పీ0420 తిరిగొస్తుంది. కొనాల్సివస్తే ఇంజన్ సీసీ, ఏ బీఎస్ ప్రమాణానికి చేసింది రాతలో అడగండి. పెట్టెమీద రాసుందని చూపిస్తే ఒప్పుకోవద్దు, బిల్లు మీద రాయించండి.

కంపెనీ పార్ట్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, చాలా కార్లకు పదుల వేలల్లో ఉంటుంది. అయినా బీఎస్6 కారును ఇంకా నాలుగైదేళ్లు ఉంచుకునేవారికి మా ఓటు దీనికే. ఆర్డర్ ఇచ్చేముందు వారంటీ బుక్‌లో ఎమిషన్ (పొగ ప్రమాణాల) వారంటీ పేజీ వేరే ఉందేమో చూసి చదవండి. ఛాసిస్ నంబరుతోనే పార్ట్ నంబరు తీయించండి, ఒకే మోడల్‌లో ఏడాదిని బట్టి మారుతుంది.

బిగించేముందు ప్లగ్గులు, కాయిల్, ఇంజెక్టర్లు, ఆయిల్ వాడకం తేల్చాల్సిందే. లేకపోతే కొత్తదీ పాతదాని దారే పడుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, నట్లకు ముందురోజే రస్ట్ స్ప్రే కొట్టి ఉంచితే స్టడ్లు విరగవు. సెన్సర్ విప్పడానికి 22 ఎంఎం సెన్సర్ సాకెట్ వాడాలి, పానా పెడితే తల గుండ్రమవుతుంది. ప్యాకింగ్, నట్లు కొత్తవే వేయాలి. మామూలు సిలికాన్ పేస్టు మాత్రం ఎక్కడా పూయనివ్వొద్దు, దాని ఆవిరి సెన్సర్‌ను పాడుచేస్తుంది. డబ్బామీద బాణం ఉంటే గ్యాస్ వెళ్లే వైపే ఉండాలి. హీట్ షీల్డ్ "చప్పుడు చేస్తోంది" అని పారేస్తుంటారు, తిరిగి బిగించమనండి. ఎండుగడ్డి మీద కారు ఆపే అలవాటుంటే అది తప్పనిసరి. తర్వాత కోడ్ తుడిచి, టౌన్‌లోనూ హైవేమీదా నడిపి, స్కానర్‌లో క్యాటలిస్ట్ మానిటర్ (ఈసీయూ క్యాట్‌కాన్‌ను పరీక్షించుకునే ఏర్పాటు) "రెడీ" చూపించాకే పని అయినట్టు.

పాత క్యాట్‌కాన్ వెనక్కి ఇమ్మని బేరం దగ్గరే చెప్పండి. అందులోని లోహాల కోసం తుక్కు వ్యాపారులు బరువును బట్టి కాదు, మోడల్‌ను బట్టి ధర కడతారు. "పీకడానికి కూలీ అక్కర్లేదు సార్" అనే మాట వెనక ఉన్న లెక్క ఇదే.