పన్ను నొప్పికి స్టూడెంట్ క్లినిక్, ఓపికుంటే వెళ్లొచ్చు

మాది పర్లాకిమిడి. కింది దవడ పన్ను రెండు వారాలు చంపేసింది, ఊళ్లో ప్రైవేటు డాక్టరు రూట్ కెనాల్‌కి 4 వేలు అన్నాడు, క్యాప్ మళ్లీ వేరే అంట. సరేలే అని పాతపట్నం దాటి డెంటల్ కాలేజీకి పోయాను. ఓపీ చీటీ, ఎక్స్‌రే అయ్యాక ఒక హౌస్ సర్జన్ (చదువు చివర్లో ట్రైనింగ్‌లో ఉండే) పిల్ల చేసింది, చెయ్యి కొంచెం వణికింది గానీ మత్తు సూది వేసేముందు "చీమ కుట్టినట్టుంటది అంకుల్, కదలకండి" అని ముందే చెప్పేది. ప్రతి స్టెప్‌కీ వాళ్లకి నేర్పే సారు వచ్చి చూడాలి, ఆయనొచ్చేదాకా నోరు తెరుచుకుని అరగంట, అదొక్కటే చిరాకు. పంటి వేరు లోపల శుభ్రం చేసే సన్నటి సూదిలాంటి ఫైలు చివరిదాకా దిగలేదని సారు మళ్లీ ఎక్స్‌రే తీయించారు, అది మాత్రం నాకు నచ్చింది. మూడుసార్లు తిరిగినా బస్సు ఛార్జీలతో కలిపి సగం కూడా అవలేదు. టిఫిన్ తినేసి వెళ్లండి, మత్తు దిగేదాకా ఏం తినలేరు.