హనుమకొండ పండితుల సంఘం: కార్యదర్శి భేష్, లెక్కలే మెరుగుపడాలి

భద్రకాళి గుడి నవరాత్రులయ్యాక మా సంఘం జరిపే శాస్త్రసభకు ఏటా వెళ్తాను. కార్యదర్శి పనితీరు నిజంగా మెచ్చదగినది. చర్చించే విషయం, వక్తల వరుస, పూర్వపక్షం (ముందుగా ఆక్షేపణ లేవనెత్తే వాదం) ఎవరిదో ముందే రాసి పంపుతారు. మినిట్స్ పుస్తకం ఏ సభ్యుడు అడిగినా చూపిస్తారు. వాదం ఎంత వేడెక్కినా అధ్యక్షులు ఎవరి పక్షమూ వహించరు. నైయాయికులకూ (తర్కశాస్త్ర పండితులు) మీమాంసకులకూ (వేదవాక్యాల అర్థాన్ని విచారించే పండితులు) సమానంగా సమయం ఇస్తారు. అంత ఓర్పు అరుదు!

కోశాధికారి మాత్రం చందా రసీదు అడిగితేనే ఇస్తున్నారు. ఇది సరికాదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం లెక్కలు సరిగా రాసి, సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి. వేదవిద్యార్థుల సంభావన ఆ డబ్బులోంచే వెళ్తుంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. గ్రంథాలయం శుభ్రంగా ఉంది. సభ్యత్వం తీసుకోండి, కార్యవర్గ ఎన్నికకు తప్పక రండి.