బ్యాండు పోటీల స్టాల్ మీద అమ్మిన సకినాలు, సర్వపిండి: ఆ దుకాణం మీద నా రివ్యూ

పిండివంటల దుకాణాల మీద తిన్నోళ్లు రాసిన రివ్యూలు మస్తున్నయి. ఇది అమ్మినోడు రాస్తున్నది. మా బిడ్డ చదివే స్కూల్ల బ్యాండు పోటీలు పెట్టిన రోజు తల్లిదండ్రులందరం కలిసి తినే సామాన్ల స్టాల్ పెట్టినం. దానికోసం హనుమకొండల ఒక ఇంటి ముందర గదిల నడిచే పిండివంటల దుకాణం నుంచి 200 సకినాల ప్యాకెట్లు, 80 సర్వపిండ్లు తెప్పించినం. ముందే చెప్పేస్త: సకినాలకు ఐదుకు నాలుగున్నర, సర్వపిండికి రెండు. దుకాణం పేరు మాత్రం రాయ. మెచ్చుకునేదానితోపాటు గులిగేది కూడా ఉన్నది, అది చిన్న దుకాణం, నడిపే అక్క కష్టజీవి. అయినా అట్లాంటి దుకాణాలు మన దిక్కు గల్లీకొకటి ఉన్నయి. ఎవరి దగ్గర ఆర్డరిచ్చినా ఈ సంగతులు పనికొస్తయి.

స్టాల్ ఎందుకంటే, పెద్ద డ్రమ్ము హెడ్డు, అంటే కర్రతోని కొట్టే తోలు, చినిగింది, సైడ్ డ్రమ్ముల కింద గరగరమనే స్నేర్ తీగలు సగం ఊడినయి, పిల్లల తెల్ల బూట్లు పొట్టిగైనయి. డ్రెస్సులు, మాస్టర్ జీతం స్కూలోళ్లు చూసుకుంటరు, మిగిలిన చిల్లర ఖర్చంతా తల్లిదండ్రుల మీదనే. బ్యాండు సామాను మన దేశంల ఎక్కువ మీరట్ల తయారైతది, అక్కడ జలీ కోఠీ అనే బజారంతా అదే పని. అక్కడి నుంచి తెప్పిస్తే ట్రాన్స్‌పోర్టు ఖర్చు మళ్ల వేరే. పిల్లల కన్నేమో ఢిల్లీ మీద. కేంద్ర విద్యాశాఖ, రక్షణశాఖ కలిసి రిపబ్లిక్ డే సందర్భంగ స్కూల్ బ్యాండు పోటీ పెడుతయి కదా, రాష్ట్రం దాటి, జోన్ దాటి, ఆఖరుకు ఢిల్లీ. బ్రాస్ బ్యాండు, పైప్ బ్యాండు, రెండింట్ల ఆడపిల్లలకు వేరే, మగపిల్లలకు వేరే. అక్కడ ఫస్టొస్తే టీముకిచ్చేది 21,000 రూపాయలు. దేశమంతటిల ఫస్టొచ్చినా చేతికొచ్చేది బూట్ల పైసలే అన్నట్టు. కాజీపేటల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతమని మా పోరి ఇప్పటికే బ్యాగు సైజు గురించి మాట్లాడుతున్నది, అది వేరే ముచ్చట.

ఇగ దుకాణం. నాకు కాజీపేటల మెడికల్ షాపున్నది. ఏది చేతికిచ్చినా వెనక్కి తిప్పి తారీఖు చూసుడు అలవాటు. ఆర్డరియ్యబోయిన నాడు శాంపిల్ ప్యాకెట్ తిప్పి చూసిన. తినే సరుకుల లైసెన్సుది, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ 14 అంకెలు సక్కగున్నది, బరువు 100 గ్రాములని ప్రింటున్నది, ప్యాక్ చేసిన తారీఖు పెన్నుతోని రాసున్నది. కాంటా మీద పెట్టమంటే అక్క ముఖం చిట్లించకుండ పెట్టింది, 104 చూపెట్టింది. ఇంటి దుకాణంల ఇంత పద్ధతి తక్కువ మందికుంటది.

"మిగిలితే వాపస్ తీసుకుంటవా అక్కా?" అని అడిగిన.

"సీలు తియ్యకుంటే తీసుకుంట అన్నా. సకినాలకే ఆ మాట. సర్వపిండి ఇచ్చిందంటే ఇచ్చినట్టే."

ఆ మాట చిట్టీ మీద రాయించుకున్నం. రాయించింది మా కమిటీల బ్యాంకుల పనిచేసే వదిన. అక్క నవ్వుకుంటనే సంతకం పెట్టింది. ప్యాకెట్ 40 రూపాయలు, మేము 50కి అమ్ముడు. విడిగ కొంటే కిలో 400, అంటే కవరుకు, సీలుకు పైసలు వేసుకోలేదన్నట్టు.

సకినం గురించి కొంచెం ఎక్కువ రాస్త, దానికి ఆ హక్కున్నది. ఇది చేత్తోని చుట్టిన సకినం. చుట్టు మొదలైన కాడ, ఆగిన కాడ పిండి కొసలు కనబడుతయి, ఒక్కో చుట్టు మీద వేళ్ల మెలిక కనబడుతది. నాలుగు చుట్లు, నడుమ చిన్న సందు. నానబెట్టిన బియ్యం పట్టించి, తడిపిండిల వాము, నువ్వులు, ఉప్పు కలిపి, బట్ట మీద చుట్టి, తడి గుంజినంక నూనెల ఎయ్యాలె. పిండిల నీళ్లెక్కువైతే చుట్టు జారుతది, తక్కువైతే మెలిక పెట్టంగనే తెగుతది. ఈ దుకాణంల చుట్టేటోళ్లు నలుగురైదుగురు ఆడోళ్లున్నరు, అందరి చెయ్యి ఒక్కతీరుగ లేదు, కొన్ని ప్యాకెట్లల్ల మెలిక లావుగున్నది. నాకైతే అది లోపమనిపించలే. విరిస్తే టక్కుమని విరిగింది, పంటికి గట్టిగ తాకలే. నూనె సంగతి చూద్దామని ఒక సకినాన్ని పేపర్ నాప్‌కిన్ మీద పెట్టి పావుగంట వదిలేస్తే చుట్టు ఆకారంల పల్చటి మరక పడ్డది, అంతే. నువ్వులు తక్కువనిపించింది. ఆ అర మార్కు అందుకే కోసిన. నూట అరవై ప్యాకెట్లు అమ్ముడువోయినయి, ఒక్కరు కూడ పాతవాసన అనలేదు.

అయితే మొదటి రెండు గంటలు స్టాల్ మీద ఈగలు కూడ వాలలే. కారణం మా బ్యాండు మాస్టర్. పోలీస్ బ్యాండుల రిటైరైన మనిషి. పొద్దున్నే వచ్చి స్టాల్ ముంగట నిలబడి, "వాయించుడు అయ్యేదాకా ఊదేటోళ్లకు సకినం గిట్ల అమ్మకుండ్రి, నీళ్లు మాత్రమే ఇయ్యుండ్రి" అని హుకుం జారీ చేసిండు. మా బిడ్డ ట్రంపెట్ ఊదుతది. ఎందుకని అడిగితే మౌత్‌పీస్ తీసి చూపెట్టింది. లోపలి రంధ్రం ఎంత సన్నగున్నదంటే, ఒక్క నువ్వు గింజ అడ్డం పడితే చాలు, సుర్రుమని గాలి వస్తది తప్ప స్వరం సక్కగ రాదు. పండ్ల సందుల ఇరికిన పిండి తునకలు ఊదంగనే అండ్లకు పోతయట. డ్రమ్ములోళ్లకు ఆ బాధ లేదు, వాళ్లు వేళ్లకు నూనె అంటుతదని వద్దన్నరు, కర్ర జారుతదట. సైంబల్స్ కొట్టే పిలగాడొక్కడు మాత్రం దర్జాగ రెండు ప్యాకెట్లు తిన్నడు.

కాబట్టి గిరాకీ అంతా ఒక టీము దిగి ఇంకో టీము ఎక్కే నడుమల. జనగామ, పరకాల, నర్సంపేట నుంచి వచ్చిన టీములు వాయించుడు అయిపోయి టోపీలు తీసుకుంట ఒక్కసారే మీద పడుతరు. అప్పుడు ప్యాకెట్ చేతికి అందియ్యాలె, చిల్లర లెక్క చూసుకోవాలె. సీలు చేసి, ధర రాసి పంపిన ప్యాకెట్లు అండ్లనే మమ్మల్ని కాపాడినయి. విడిగ తెచ్చుకొని కాంటా పెట్టుకొని కూసుంటే చేతులెత్తేద్దుము. ఫోన్‌పే స్పీకర్ డబ్బా పెట్టినం గని ఎదురుంగ పెద్ద డ్రమ్ము మోగుతుంటే అది ఏమన్నదో దేవునికెరుక. క్యాష్ కాడ కూసున్న వదిన ప్రతి ఒక్కరి ఫోను చూసి, టైము చూసి పంపింది. స్కూలు ఖాతా క్యూఆర్ పెట్టుడు మంచిదైంది, సాయంత్రం లెక్కల కాడ లొల్లి కాలే.

ఇప్పుడు గులుగుడు. సకినాల డబ్బాలు నాలుగు, ఆటో దుకాణమామెదే. మూడు డబ్బాలల్ల ప్యాకెట్లను నిలువుగ పేర్చిండ్రు, ఒక్కటి కూడ విరగలే. నాలుగో దాంట్ల పడుకోబెట్టి పేర్చి, దాని మీద నీళ్ల క్యాన్ ఎత్తిండ్రు. కింది వరుసల 14 ప్యాకెట్లు నుగ్గునుగ్గు. ఫోన్ చేస్తే, "విరిగినా సకినాలే కదన్నా" అన్నది. ఆ ఒక్క మాట నాకు కోపం తెప్పించింది. మీ ఆటోల మీ మనిషి ఎత్తిన క్యాన్‌కు మేమెందుకు పైసలియ్యాలె? సీలు తియ్యనివే కాబట్టి చిట్టీ చూపెట్టి వాపస్ ఇద్దామని నేనన్న. మా స్టాల్ మీదున్న ఇంకో తల్లి, ఆమెది పరకాల, నా మాట పూర్తి కాకముందే కత్తిపీట గుంజుకొని ఉల్లిగడ్డ కోసుడు మొదలుపెట్టింది. ఆ నుగ్గుల ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మకాయ రసం కలిపి, కాగితం పొట్లాలల్ల 20కి ఒకటి. పావుగంటల ఒక్క పొట్లం మిగలలే, అసలు మాకొచ్చేసింది. మళ్ల పెడితే ఇవే పెట్టుమని పోరగాండ్లు అడిగి పోయిండ్రు. దుకాణమామెకు మాత్రం దాంట్ల మార్కులేం లేవు.

సర్వపిండి కథ దీనికన్న అధ్వానం. చిట్టీల రెండు పూటల డెలివరీ అని రాసిచ్చింది: పొద్దున 30, పగటికి 50 వేడివేడిగ. పొద్దున ఏడింటికే ఎనభైకి ఎనభై తెచ్చి దించిండ్రు. అన్నింటినీ ఒక ప్లాస్టిక్ టబ్బుల ఒకదాని మీదొకటి పేర్చి, పైన తడిబట్ట కప్పిండ్రు. సర్వపిండిల ఉండే అందమేంది? గిన్నెకు ఒత్తినంక వేళ్లతోని పెట్టిన బొక్కలు, ఆ బొక్కలల్ల పోసిన నూనెకు చుట్టూత కరకరలాడే అంచు. మూసిపెట్టిన ఆవిరికి ఆ అంచంతా మెత్తవడ్డది, పది దాటేసరికి అప్ప మొత్తం చెప్పు తోలు తీరు సాగుడు మొదలైంది. శనగపప్పు మాత్రం గట్టిగ పంటికింద తగులుతున్నది, అంటే నానిందే తక్కువ.

రుచి చెడ్డదని కాదు. పల్లీలు నిండుగున్నయి, కరివేపాకు చినిపి వేసిండ్రు, కారం చపాట మిర్చిది. మన వరంగల్ చపాటకు 2025ల జీఐ ట్యాగు, అంటే ఈ ప్రాంతం పంటేనన్న గుర్తింపు, వచ్చింది కదా, రంగు ఎర్రగ, ఘాటు తక్కువ. చిన్నపిల్లలు కూడ నీళ్లు తాగకుండ తిన్నరు. వేడిగుంటే ఇదే సర్వపిండికి నేను నాలుగు మార్కులిద్దును. ఎనిమిదింటికి తిన్న ఒకాయన ఇంటికి నాలుగు కట్టించుకొనిపోయిండు, పన్నెండింటికి తిన్నామె సగం తిని పళ్లెం నా ముంగటనే పెట్టిపోయింది. ఇద్దరి మాటా నిజమే. 30కి తెచ్చి 40కి అమ్మాలనుకున్నదాన్ని, యాభై పోయినంక మిగిలిన ముప్పై 20కి దించి వదిలించుకున్నం. లెక్క చూస్తే సర్వపిండి మీద పొద్దటిసంది మాకు మిగిలింది 200 రూపాయలు. పక్క పొయ్యి మీద మా పీఈటీ సార్ గంటెడు శనగపిండి కలిపి వేసిన మిర్చిబజ్జీలకు దానికన్న ఎన్నో రెట్లొచ్చినయి, ఆయన ముందుగాల బజ్జీలు చేసుడు ఎప్పుడన్న చూసిండో లేదో.

సాయంత్రం మిగిలిన 26 సకినాల ప్యాకెట్లు తీసుకొని నేను, వదిన దుకాణానికి పోయినం. సర్వపిండి సంగతి చెప్పినం. అక్క ఏమీ దాచలే: పగటిపూట ఆటో దొరకదని భయపడి అన్నీ ఒక్కసారే పంపిందట. ఆ మాట పొద్దున్నే ఫోన్ చేసి చెప్తే మేమే ఎవరన్న బండి మీద పోయి తెచ్చుకుందుము కదా. సర్వపిండికి పైసా తగ్గియ్యలే. సకినాలు మాత్రం ఒక్కొక్క సీలు చూసి, లెక్కపెట్టి, అప్పటికప్పుడే 1,040 రూపాయలు చేతుల పెట్టింది. "రేపు రాండ్రి, ఎల్లుండి రాండ్రి" అని తిప్పలే. వ్యాపారం చేసేటోణ్ని కాబట్టి చెప్తున్న, వాపస్ పైసలు ఆ రోజే ఇచ్చే దుకాణాన్ని వదులుకోవద్దు. టీ, బజ్జీలు, సకినాలు అన్ని కలిపి మాకు 11,000 పైచిలుకు మిగిలినయి. పెద్ద డ్రమ్ము హెడ్డుకు ఆర్డర్ పోయింది, స్నేర్ తీగలు మాస్టరే బిగిస్తనన్నడు, బూట్ల సంగతి ఇంకా తేలలే.

మళ్ల ఆమె దగ్గరికి పోతనా? సకినాలకు తప్పకుండ పోత. డబ్బాలు నిలువుగ పేర్చినంకనే ఆటో ఎక్కియ్యాలని చెప్పి, కుదిరితే నా కండ్ల ముంగటనే పేర్పిస్త. నుగ్గయితే ఎవరి ఖర్చో ఈసారి చిట్టీల ముందే రాయిస్త. సర్వపిండి ఆర్డరియ్య, కావాలంటే పెనం, పిండి ఆమె దగ్గర్నుంచి తెచ్చుకొని స్టాల్ కాడనే వేయిస్త, దానికి ఆమె ఒప్పుకున్నది, మనిషిని కూడ పంపుతనన్నది, కూలి వేరే. మీ స్కూల్ల గిట్ల పోటీలు, జాతరలు ఏమన్న ఉంటే ఒక మాట గుర్తుపెట్టుకోండ్రి: సంక్రాంతి దగ్గరపడితే ఆమె ఇసొంటి పెద్ద ఆర్డర్లు పట్టదు, అమెరికా పార్సళ్లకే చుట్టేటోళ్ల చేతులు ఖాళీ ఉండయి. డిసెంబర్ల మొదటి వారంలనే పోయి అడ్వాన్స్ ఇచ్చి రాండ్రి. పొద్దున పదకొండు దాటినంక పోతే అక్క తీరుబడిగ మాట్లాడుతది.