డెండ్రిమర్ పేరుతో వేరే సరుకు అంటగడుతున్నారు, తిరుపతి ల్యాబ్‌ల వాళ్లు జాగ్రత్త

తిరుపతి, ఏర్పేడు, రేణిగుంట, చిత్తూరు చుట్టుపక్కల కెటలిస్టుల (రసాయన చర్యను వేగంగా నడిపించే పదార్థాల) మీద పనిచేసే స్కాలర్లకూ, చిన్న ఫార్మా యూనిట్ల ఆర్ అండ్ డీ వాళ్లకూ ఈ పోస్టు. ఒక డీలర్ ల్యాబ్‌ల చుట్టూ తిరుగుతూ "నాలుగో జనరేషన్ పామామ్ డెండ్రిమర్" ఒకటి, "డెండ్రిమర్ మీద ఎక్కించిన పల్లాడియం, పదిసార్లు వాడుకోవచ్చు" అంటూ ఇంకొకటి అమ్ముతున్నాడు. డెండ్రిమర్ అంటే నడిమి కోర్ నుంచి చెట్టులా మెట్టుమెట్టుగా కొమ్మలు వేస్తూ కట్టిన పాలిమర్ అణువు, ఆ మెట్లనే జనరేషన్లు అంటారు, పామామ్ అందులో ఒక రకం. పల్లాడియం కెటలిస్ట్‌గా వాడే లోహం. మా ల్యాబ్ రెండూ తెప్పించింది. మొదటిది డెండ్రిమరే కాదు. రెండోది పల్లాడియాన్ని పట్టి ఉంచలేదు.

పార్సిల్ మే నెల ఎండలో వచ్చింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని సీసా లేబుల్ మీదే ఉంది, డబ్బాలో మాత్రం ఐస్ ప్యాక్ ఆనవాలు కూడా లేదు. లాట్ నంబర్‌ను స్కెచ్ పెన్‌తో కొట్టేసి పక్కన ఇంకోటి రాశారు. అది చూడగానే మా గైడ్ గారు స్టాక్ రిజిస్టర్‌లో ఎంట్రీ ఆపించారు. ఆ ఒక్క నిర్ణయమే ఇవాళ మమ్మల్ని కాపాడుతోంది.

మొదటి సీసాలోని ద్రావణం నుంచి మెథనాల్ తీసేశాక తేనెలా సాగే జిగురు మిగిలింది. పామామ్‌లో ప్రతి కొమ్మలోనూ అమైడ్ బంధం ఉండి తీరాలి. అణువులోని బంధాలను గుర్తుపట్టే ఐఆర్ పరీక్షలో 1640 దగ్గర గట్టిగా కనిపించాల్సిన అమైడ్ పీక్ లేదు. కార్బన్ పరమాణువులు ఎలా అమరాయో చూపే ఎన్ఎంఆర్ పరీక్షలో 170 పైన రావాల్సిన కార్బొనిల్ సిగ్నల్ కూడా లేదు, అన్నీ 35కీ 60కీ మధ్యే. అంటే మాకు పంపింది హైపర్‌బ్రాంచ్డ్ పాలీఇథిలీన్‌ఇమీన్ అనే వేరే పాలిమర్. ఫోన్ చేస్తే డీలర్ ఏమన్నాడో తెలుసా? "రెండూ కొమ్మలున్న పాలిమర్లే కదా సార్, పని ఒకటే చేస్తాయి" అన్నాడు.

పని ఒకటే కాదు. డొనాల్డ్ టొమాలియా బృందం 1985లో ప్రచురించిన పామామ్ పద్ధతిలో ఇథిలీన్‌డైఅమీన్ కోర్ నుంచి ఒక్కో మెట్టు కడుతూ పోవాలి. ముందు మిథైల్ ఎక్రిలేట్, తర్వాత మళ్లీ ఇథిలీన్‌డైఅమీన్, ప్రతి మెట్టులోనూ మిగులు తీసేసి శుభ్రం చేయాలి. చివర్లలో ఉండే అమీన్లు జనరేషన్‌కి రెట్టింపవుతూ 4, 8, 16, 32 దాటి నాలుగో జనరేషన్‌కి 64కి చేరతాయి. అణుభారం సుమారు 14,200, వ్యాసం 4.5 నానోమీటర్లు. ఆ శ్రమకే అంత ధర. హైపర్‌బ్రాంచ్డ్‌ని ఒకే పాత్రలో ఒకేసారి చేసేస్తారు. కొమ్మలు అడ్డదిడ్డంగా ఉంటాయి, ఒక అణువు బరువు ఇంకో అణువుకి ఉండదు. అది చెత్త సరుకని నేను అనడం లేదు. చౌకగా లోహాన్ని పట్టి ఉంచడానికి చాలా పనుల్లో చక్కగా సరిపోతుంది. కానీ 1998లో రిచర్డ్ క్రూక్స్ బృందం చూపించిన దారిలో, ఒక్కో డెండ్రిమర్ లోపల లెక్కపెట్టినట్టు ఇన్ని లోహ పరమాణువులని పెట్టి నానోకణం చేద్దామంటే, అణుభారమే ఖాయంగా లేని పాలిమర్‌తో ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? ఒక స్కాలర్ థీసిస్ మొత్తం ఆ లెక్క మీదే నిలబడి ఉంటే?

ఇక పల్లాడియం పొడి సంగతి. బ్రోమోఅనిసోల్, ఫినైల్ బోరానిక్ ఆసిడ్‌తో సుజుకి రియాక్షన్ (పల్లాడియం సాయంతో రెండు అణువులను కార్బన్-కార్బన్ బంధంతో కలిపే చర్య) పెట్టాం. మొదటిసారి ఈల్డ్ బాగానే వచ్చింది, అందరూ మోసపోయేది ఇక్కడే. రియాక్షన్ సగంలో ఉండగా వేడివేడిగానే పొడిని వడకట్టి, తేటగా ఉన్న ద్రవాన్ని మళ్లీ వేడి చేశాం. పొడి లేకుండానే రియాక్షన్ ముందుకు సాగింది. అంటే పని చేస్తున్నది కొమ్మల్లో కూర్చున్న పల్లాడియం కాదు, ద్రావణంలోకి జారిపోయిన పల్లాడియం. చల్లారాక వడకడితే కొంత లోహం తిరిగి పొడి మీదే చేరి, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది, అందుకే వేడిలోనే చేయాలి. అదే పొడిని రెండోసారి వాడితే ఈల్డ్ సగానికి పడిపోయింది, ఫ్లాస్క్ అడుగున నల్లటి పూత అంటుకుంది. గోకితే మెరిసింది.

యూనిట్ల వాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలుతున్నాను. నోటితో వేసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించకూడదని మందుల్లో లోహ మలినాలపై ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ3డి హద్దు పెట్టింది. కెటలిస్ట్‌ను వడకట్టేశాం కదా అనుకున్న బ్యాచ్‌లో లోహం అలాగే ఉండిపోతే ఆ నష్టం డీలర్ భరించడు.

కొటేషన్ దశలోనే కోర్ ఏది, జనరేషన్ ఎంత, చివర ఏ గ్రూపు, పల్లాడియం ఎంత శాతం అన్నది రాయించుకోండి. ఆ లాట్‌కే సంబంధించిన ఎన్ఎంఆర్, ఐసీపీ (లోహం ఎంత ఉందో కొలిచే పరీక్ష) రిపోర్టు అడగండి, కంపెనీ బ్రోచర్‌లో అచ్చేసిన బొమ్మ చూపిస్తే ఒప్పుకోవద్దు. పరీక్షలో తేలాకే బిల్లు పాస్ చేస్తామని ఆర్డర్‌లోనే పెట్టండి. మేము అలాగే బిల్లు ఆపి, స్పెక్ట్రాలు జతచేసి సరుకు వెనక్కి తీసుకోమని మెయిల్ పెట్టాం. "ఈసారి వేరే లాట్ పంపిస్తా సార్" అన్నాడే తప్ప డబ్బు వద్దని ఇంకా రాసివ్వలేదు. మీ ఫ్రిజ్‌లో కొట్టేసి దిద్దిన లాట్ నంబర్‌తో ఇలాంటి సీసా ఉంటే, రియాక్షన్ పెట్టేముందు ఒక చుక్క ఐఆర్‌కి పంపండి.