ఓక్లహోమా మ్యాచా, ఎ అండ్ ఎం మ్యాచా? ఒక లాంగ్‌హార్న్స్ అభిమాని లెక్క

ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్‌ని అభిమానించేవాళ్లకి 2026 సీజన్‌లో రెండు పెద్ద టెన్షన్లున్నాయి. అక్టోబర్‌లో డల్లాస్‌లో ఓక్లహోమా సూనర్స్‌తో ఒకటి, థాంక్స్‌గివింగ్ వారంలో టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీతో వాళ్ల ఊరు కాలేజ్ స్టేషన్‌లో ఇంకొకటి. రెండింటికీ టికెట్లు కొనేంత డబ్బు చాలామంది దగ్గర ఉండదు. ఉన్నా ఇంట్లో ఒప్పుకోరు. అందుకే డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు నలుగురు కలిసినచోట ఈ ప్రశ్న తప్పదు: ఒక్కదానికే వెళ్లాలంటే దేనికి?

నా జవాబు ముందే చెప్పేస్తా. టికెట్ కొని వెళ్లాల్సింది డల్లాస్ మ్యాచ్‌కి. ఓడిపోతే వారం రోజులు అన్నం సయించనిది మాత్రం ఎ అండ్ ఎం మ్యాచ్. చూడ్డానికి గొప్పది ఒకటి, గెలిచి తీరాల్సింది ఇంకొకటి.

ముందు డల్లాస్ సంగతి. ఆస్టిన్‌కీ ఓక్లహోమా యూనివర్సిటీ ఉన్న నార్మన్‌కీ డల్లాస్ దాదాపు సమాన దూరం, అటూ ఇటూ మూడేసి గంటల ప్రయాణం. అందుకే 1929 నుంచి ఏటా మ్యాచ్ ఇక్కడే. రెండు రాష్ట్రాల మధ్య పారే రెడ్ రివర్ పేరే ఈ పోటీకి పెట్టారు. వేదిక ఫెయిర్ పార్క్‌లోని కాటన్ బౌల్, తొంభై వేల పైచిలుకు సీట్లు. సరిగ్గా యాభై గజాల గీత దగ్గర స్టేడియం రెండుగా చీలిపోతుంది. సగం కాషాయానికి దగ్గరగా ఉండే మన నారింజ రంగు, సగం వాళ్ల ముదురు ఎరుపు. అమెరికాలో దాదాపు ఏ కాలేజీ మ్యాచ్‌కి వెళ్లినా సొంత జట్టువాళ్లే నిండిపోయి, ఎదుటివాళ్లు ఓ మూల బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు. ఇక్కడ అలా కాదు. బంతి ఎటు కదిలినా స్టేడియంలో సగం లేచి అరుస్తుంది, మిగతా సగం చచ్చినట్టు కూర్చుంటుంది. మరుక్షణం తారుమారు. టీవీలో ఇది సగం కూడా తెలియదు. రెండు జట్లూ ఒకే సొరంగంలోంచి మైదానంలోకి వస్తాయి. ఆ దగ్గర్లో సీటు దొరికితే ఆటగాళ్లు ఒకరినొకరు ఏమనుకుంటున్నారో మొహాల్లోనే కనిపిస్తుంది.

పైగా మ్యాచ్ జరిగేది టెక్సస్ స్టేట్ ఫెయిర్ నడుమ. మ్యాచ్ టికెట్‌తోనే తిరనాళ్లలోకి కూడా వెళ్లొచ్చు. యాభై అయిదు అడుగుల బిగ్ టెక్స్ బొమ్మ కింద ఫొటో దిగడం, నూనెలో వేయించిన ఓరియో బిస్కెట్లు తినడం ఇందులో భాగమే. అక్కడి కార్నీ డాగ్ పేరులో కార్న్ ఉంది కదా అని శాకాహారులు మోసపోకండి, లోపల సాసేజ్ ఉంటుంది. కాల్చిన మొక్కజొన్న కండె తీసుకోండి. ఆటంటే ఆసక్తి లేని భార్యనో తమ్ముడినో పిల్లల్నో వెంట తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఇక ఆట. ఈ మ్యాచ్‌లో ముందంజలో ఉన్నాం కదా అని ధీమాగా కూర్చుంటే అయిపోయినట్టే. 2021లో మొదటి క్వార్టర్‌కే 28-7తో ముందున్నాం, చివరికి 55-48తో ఓడిపోయాం. 2023లో పదిహేను సెకన్లు మిగిలుండగా వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసి దాడి నడిపేవాడు) డిల్లన్ గాబ్రియెల్ టచ్‌డౌన్ పాస్ వేసి 34-30తో లాగేసుకుపోయాడు. మధ్యలో 2022లో మనం 49-0తో బాదిన రోజూ ఉంది. గత రెండేళ్లూ మనదే: 34-3, 23-6.

ఎ అండ్ ఎం కథ వేరు. ఇది అన్నదమ్ముల తగవు లాంటిది, అందుకే మంట ఎక్కువ. మొదటి మ్యాచ్ 1894లో జరిగింది. 1915 నుంచి 2011 దాకా ఏటా ఆడారు. తర్వాత ఎ అండ్ ఎం ఎస్ఈసీకి (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, ఒక కాలేజీ జట్ల లీగ్) వెళ్లిపోవడంతో పదమూడేళ్లు ఆట లేదు. 2011 నాటి ఆఖరి మ్యాచ్‌లో చివరి క్షణాన మన కిక్కర్ జస్టిన్ టక్కర్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో 27-25తో గెలిచాం. ఆ ఒక్క కిక్ గురించి చెప్పుకుంటూనే మనవాళ్లు పదమూడేళ్లు గడిపేశారు. టెక్సస్, ఓక్లహోమా 2024లో ఎస్ఈసీలో చేరాక పోటీ మళ్లీ మొదలైంది. వాళ్ల స్టేడియం కైల్ ఫీల్డ్‌లో లక్షా తొమ్మిది వేల మంది ముందు 17-7తో గెలిచాం. 2025లో పదకొండుకి పదకొండూ గెలిచి వచ్చిన ఆగీలని (ఎ అండ్ ఎం వాళ్లని) ఆస్టిన్‌లో 27-17తో ఓడించి, ఎస్ఈసీ ఫైనల్‌కి వెళ్లకుండా ఆపాం.

ఈ పోటీలో ఎగతాళి ఎంత ఉందో అంత బరువూ ఉంది. టెక్సస్ మ్యాచ్‌కి ముందు ఆగీ విద్యార్థులు దుంగలు పేర్చి పెద్ద మంట వేసేవాళ్లు. 1999 నవంబర్‌లో ఆ దుంగల గోపురం కూలి 12 మంది చనిపోయారు. ఆ తర్వాతి వారం జరిగిన మ్యాచ్ విరామంలో టెక్సస్ బ్యాండ్ వాళ్లకి నివాళిగా వాయించింది. మ్యాచ్‌లో ఎ అండ్ ఎం 20-16తో గెలిచింది. ఆ రోజు వాళ్లు గెలిచినందుకు బాధపడిన లాంగ్‌హార్న్ అభిమానిని నేను చూడలేదు.

మన ఇళ్ల సంగతికి వస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. సూనర్స్ అభిమాని మ్యాచ్ అయ్యాక నది దాటి వెళ్లిపోతాడు. ఆగీ అలా కాదు, సోమవారం ఆఫీసులో పక్క సీట్లోనే ఉంటాడు. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ తెలుగు ఇళ్లలో పెద్దబ్బాయి ఆస్టిన్‌లో, చిన్నమ్మాయి కాలేజ్ స్టేషన్‌లో చదవడం కొత్తేం కాదు. ఎంఎస్‌కి వచ్చే మన పిల్లలూ రెండుచోట్లా ఉన్నారు. థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి మరి.

అయితే ఈసారి మ్యాచ్ వాళ్ల ఊళ్లో. కైల్ ఫీల్డ్‌లో విద్యార్థులు ఆట మొత్తం నిలబడే ఉంటారు. ముందురోజు అర్ధరాత్రే స్టేడియంలో చేరి కేకలు ప్రాక్టీస్ చేస్తారు. చూసి తీరాల్సిన చోటే, కాదనను. కానీ బయటి జట్టువాళ్లకి వచ్చే సీట్లు తక్కువ, పండగ ట్రాఫిక్‌లో డల్లాస్ నుంచి మూడు గంటల దారి ఎంతవుతుందో చెప్పలేం, హోటళ్ల రేట్ల గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. ఫెయిర్ పార్క్‌కైతే డార్ట్ (డల్లాస్ లోకల్ రైలు) గ్రీన్ లైన్ ఎక్కితే గేటు ముందే దిగుతాం. ఎక్కడికెళ్లినా పారదర్శకమైన సంచీయే తీసుకెళ్లండి, లేకపోతే తిప్పి పంపిస్తారు.

పాయింట్ల పట్టిక దృష్టితో చూస్తే? గతేడాది ఓక్లహోమానీ ఎ అండ్ ఎంనీ ఇద్దర్నీ ఓడించాం. జాతీయ విజేతని తేల్చే ప్లేఆఫ్‌కి ఎంపికైన పన్నెండు జట్లలో వాళ్లిద్దరూ ఉన్నారు, మనం లేం! ఒహాయో స్టేట్, ఫ్లోరిడా, జార్జియాల చేతిలో ఓడిన మూడు మ్యాచ్‌లూ మెడకి చుట్టుకున్నాయి. పెద్ద శత్రువుల్ని గెలిస్తే చాలనుకునే మనలాంటివాళ్లకి అది చెంపదెబ్బ. ఈ ఏడాది ఎస్ఈసీలో తొమ్మిదేసి మ్యాచ్‌లు, అందులో ఏటా తప్పనిసరిగా తలపడే ప్రత్యర్థులు ముగ్గురు. మనకి వచ్చినవాళ్లు ఓక్లహోమా, ఎ అండ్ ఎం, ఆర్కన్సా. (ఆర్కన్సావాళ్లు ఏమనుకోకండి, ఈ లెక్కలోకి మిమ్మల్ని తీసుకోలేదు.) అక్టోబర్‌లో ఓడినా కోలుకోవడానికి టైముంటుంది, గతేడాది ఓక్లహోమా కోలుకున్నట్టు. నవంబర్ చివర్లో ఓడితే ఇక ఆడి చూపించడానికి మ్యాచ్‌లు మిగలవు.

డల్లాస్ వరకు నాకు ధైర్యంగానే ఉంది. మన క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ ఇంకో ఏడాది ముదిరాడు. ఓక్లహోమా కోచ్ బ్రెంట్ వెనబుల్స్ డిఫెన్స్‌ని తక్కువ చేయలేం కానీ, గత రెండేళ్లలో మన ముందు వాళ్లు ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేకపోయారు. పది పాయింట్ల తేడాతో గెలుస్తామని నా అంచనా.

భయమంతా కైల్ ఫీల్డ్ గురించే. వాళ్లు మనల్ని చివరిసారి ఓడించింది 2010లో. ఈ ఏడాది అక్కడ చేరే పిల్లలకి అప్పుడు రెండు మూడేళ్లుంటాయి. ఆ ఆకలి మామూలుది కాదు. ఆఫెన్స్ నడిపించిన కాలిన్ క్లైన్ హెడ్ కోచ్‌గా కాన్సస్ స్టేట్‌కి వెళ్లిపోవడం వాళ్లకి దెబ్బే. అయినా వాళ్ల కోచ్ మైక్ ఎల్కో జట్టు మూడోసారి కూడా మనకి తలవంచుతుందని నమ్మకం లేదు. ఆగీలు మూడు పాయింట్లతో గెలుస్తారేమో. అది ఇంట్లో సోఫాలో కూర్చుని చూస్తాను. ఫలితం తేడా కొడితే ఫోన్ స్విచాఫ్ చేసేస్తాను, ఎందుకంటే మా బావమరిది ఆగీ.